యోగా చేయండి, మాత్రలు మానకండి



ఈ మధ్య ఓ.పి. దగ్గర నిలబడినా, ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వచ్చినా నన్ను రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటిది, "సిస్టరమ్మా, మనం యోగా చేయవచ్చా?" రెండవది, "యోగా చేస్తే బి.పి. మాత్రలు మానేయవచ్చా?" మొదటి ప్రశ్న మన సంఘస్థులది. రెండవది అన్ని మతాల పేషెంట్లూ అడిగేది. నా జవాబు ముందే చెప్పేస్తాను. వ్యాయామంగా సరిగ్గా నేర్చుకుని ఇంట్లో చేయవచ్చు, చేస్తే మంచిదే. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానకూడదు. ఎందుకలా అంటున్నానో వివరిస్తాను.

యోగా ఇప్పుడు మన గుమ్మం దాకా వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2014లో తీర్మానం చేసి జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినంగా ప్రకటించింది. 2015 నుండి అది ఏటా జరుగుతోంది. 2025లో ఆ రోజున ప్రధానమంత్రి విశాఖపట్నం వచ్చారు, సముద్రతీరం పొడవునా లక్షలమంది ఆసనాలు వేశారు. పిల్లలు బడిలో నేర్చుకుంటున్నారు. తెల్లవారి టీవీ పెడితే ఏదో ఒక ఛానల్లో యోగా కనిపిస్తుంది. కాబట్టి మనకు సంబంధం లేదని ఊరుకోవడం కన్నా, ఏది మంచిదో ఏది కాదో తెలుసుకోవడం మేలు.

విశ్వాసానికి అడ్డమా?

నేను పాస్టరును కాను. నర్సుగా నాకు తోచినది చెబుతున్నాను. యోగా మన దేశపు ప్రాచీన తత్వశాస్త్రంలో నుండి వచ్చింది. పతంజలి దానికి ఎనిమిది అంగాలు చెప్పాడు. వాటిలో ఆసనం మూడవది, ప్రాణాయామం నాలుగవది. మిగిలినవి నడవడికకు, ధ్యానానికి, ఆత్మ సంబంధమైన సాధనకు చెందినవి. అది హిందూ సోదరులకు పవిత్రమైన మార్గం. దానిని తక్కువ చేసి మాట్లాడటం మనకు తగదు. అలాగే మన విశ్వాసం వేరు గనుక మంత్రాలు, సూర్యునికి నమస్కారం మనం చేయనక్కర లేదు. అవి లేకుండా నడుము వంచడం, చేతులు చాచడం, నిదానంగా ఊపిరి తీసుకోవడం చేస్తే అది వ్యాయామమే.

మన ఆసుపత్రిలో పొట్ట ఆపరేషన్ అయిన ప్రతివారి చేతా గట్టిగా ఊపిరి తీయిస్తాము. మూడు బంతుల పరికరం ఇచ్చి బంతులు పైకి లేపమంటాము. అది చేయకపోతే ఊపిరితిత్తుల అడుగున కఫం చేరి న్యుమోనియా వస్తుంది. ఆ ఊపిరి ఏ మతానిదని ఎవరూ అడగలేదు. కాన్పు అయిన తల్లికి పొత్తికడుపు కండరాలు బిగించే వ్యాయామం నేర్పిస్తాము, నడుము నొప్పి వారి చేత బోర్లా పడుకోబెట్టి ఛాతీ ఎత్తిస్తాము. యోగా వారు దానిని భుజంగాసనం అంటారు, ఫిజియోథెరపీ వారు మరో పేరు పెడతారు. వెన్నుకు మాత్రం పేరుతో పని లేదు.

శరీర వ్యాయామం వల్ల కొంత మేలున్నదనీ, దైవభక్తి వల్ల అంతకన్నా ఎక్కువ మేలున్నదనీ పౌలు భక్తుడు తిమోతికి తెలియజేశాడు. రెండవదాన్ని గట్టిగా పట్టుకుందాము, మొదటిదాన్ని విడిచిపెట్టవద్దు. అయినా ఎవరి మనస్సాక్షి ఒప్పుకోకపోతే వారిని బలవంతం చేయకూడదు. అటువంటివారు రోజూ వడిగా నడవండి, ఫిజియోథెరపీ విభాగంలో చూపించే వ్యాయామాలు చేయండి. కానీ "మేము యోగా చేయము" అని చెప్పి రోజంతా కుర్చీలో కూర్చోవడం మాత్రం భక్తి అనిపించుకోదు.

ఏమి చేస్తుంది, ఏమి చేయదు

చాలాకాలంగా ఉన్న నడుము నొప్పికి యోగా పనికొస్తుందని వైద్యులు ఒప్పుకుంటున్నారు. అమెరికాలోని ఫిజిషియన్ల కళాశాల 2017లో ఇచ్చిన సూచనల్లో, అటువంటి నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో యోగాను కూడా చేర్చింది. కీళ్లు వదులవుతాయి. ఒంటికాలి మీద నిలబడటం అలవాటైతే పెద్దవయసులో తూలి పడటం తగ్గుతుంది. నిదానంగా ఊపిరి వదిలినప్పుడు గుండె వేగం తగ్గి మనసు కుదుటపడుతుంది. బి.పి. కొన్ని పాయింట్లు దిగవచ్చు. షుగర్ అదుపుకు కూడా కొంత తోడ్పడుతుంది.

కానీ 170/100 ఉన్న బి.పి. ఆసనాలతోనే 120/80 అయిపోతుందని నమ్మకండి. గుండె రక్తనాళంలోని అడ్డు ఊపిరితో కరగదు. నిదానంగా వేసే ఆసనాలు నడకకు బదులు కూడా కావు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే చెమట పట్టేటట్టు వడిగా నడవడం. యోగా దానికి తోడు.

మాత్రల సంగతి

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మెడికల్ వార్డుకు వచ్చేవారిలో కొందరి కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. యోగా మొదలుపెడతారు. పది రోజులకు ఒళ్లు తేలికపడుతుంది, నిద్ర పడుతుంది. బి.పి. చూపించుకుంటే 130/80 ఉంటుంది. "ఇక నాకు బి.పి. లేదు" అని మాత్రలు ఆపేస్తారు. ఆ 130 మాత్ర వేసుకోబట్టే వచ్చిందని వారికి తోచదు. బి.పి. పెరిగితే తలనొప్పి వస్తుందిలే, అప్పుడు చూసుకుందాము అనుకుంటారు. చాలామందికి ఏ నొప్పీ రాదు. ఒకరోజు మూతి వంకరపోయి, చెయ్యి లేవక, ఇంట్లో వాళ్లు మోసుకొస్తారు. ఆ కుటుంబానికి ఆ తరువాత ఎన్ని సంవత్సరాల కష్టమో మీరు ఊహించుకోండి.

షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు, మూర్ఛకు, థైరాయిడ్‌కు, టి.బి.కి మందులు వాడేవారు, గుండెకు స్టెంట్ వేసి రక్తం పలచబడే మాత్రలు ఇచ్చినవారు మరీ జాగ్రత్త. చిన్నప్పటి నుండి ఇన్సులిన్ మీద ఉన్న పిల్లలకు అది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు చెప్పినా, ఎంత పెద్ద గురువు చెప్పినా, ప్రార్థన చేసినవారు చెప్పినా సరే, ఆపవద్దు.

వ్యాయామం వల్ల నిజంగా మేలు కలిగితే డాక్టరుగారే డోసు తగ్గిస్తారు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని బి.పి., షుగర్ రీడింగులు తేదీలతో రాసి ఓ.పి.కి తీసుకురండి. మాత్ర తగ్గించే దారి అదొక్కటే.

టీవీ చూసి నేర్చుకోవద్దు

టీవీలో ఆసనం వేసే అబ్బాయికి ఇరవై అయిదేళ్లు, మీకు యాభై. అతని మోకాలు వేరు, మీ మోకాలు వేరు. పైగా బోర్లా పడుకుని, మెడ పక్కకు తిప్పి టీవీ చూస్తూ ఒళ్లు వంచితే మెడ పట్టేస్తుంది. ముందు ఒక నెలరోజులైనా తెలిసినవారి దగ్గర నేర్చుకోండి. ఆ నేర్పేవారు మీ జబ్బులేమిటో, ఏ మందులు వాడుతున్నారో అడగాలి. అడగకుండా అందరిచేతా ఒకటే వేయిస్తే ఆ చోటు మానేయండి. మన ఫిజియోథెరపీ విభాగంలోనూ అడిగి తెలుసుకోవచ్చు. నేర్చుకున్నాక ఇంట్లో చేయండి.

వీరు ముందుగా డాక్టరును అడగాలి

* బి.పి. అదుపులో లేనివారు, గుండెజబ్బు ఉన్నవారు, పక్షవాతం వచ్చినవారు తల కిందికి పెట్టే ఆసనాలు, ఊపిరి బిగబట్టడం, కపాలభాతి చేయకూడదు.
* నీటికాసులు అంటే గ్లకోమా ఉన్నవారు, షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతిన్నవారు, శుక్లాల ఆపరేషన్ కొత్తగా అయినవారు తల కిందికి వేలాడదీయవద్దు. కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.
* హెర్నియా ఉన్నవారు, పొట్ట ఆపరేషన్ లేక సిజేరియన్ అయినవారు డాక్టరుగారు సరేననేదాకా ఆగండి. గర్భిణులు వారికోసం వేరుగా చెప్పిన వ్యాయామాలే చేయాలి.
* ఎముకలు గుల్లబారినవారు, డిస్కు జారి కాలిలోకి నొప్పి లాగేవారు ముందుకు బాగా వంగకూడదు.
* మోకాళ్లు అరిగినవారు పద్మాసనం కోసం కాళ్లు మెలిపెట్టవద్దు. వజ్రాసనంలో చాలాసేపు కూర్చుంటే మోకాలి పక్కనుండే నరం నొక్కుకుపోయి పాదం పైకి లేవకుండా పోతుంది. కుర్చీలో కూర్చుని చేయడం ఏమీ తక్కువ కాదు.
* షుగరుకు మందు వాడేవారు ఆకలితో ఎక్కువసేపు చేయవద్దు. పంచదార దగ్గర పెట్టుకోండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే షుగర్ పడిపోయిందని అనుమానించి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి.

ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, కాలూ చెయ్యీ తిమ్మిరెక్కి బలం తగ్గడం లాంటివి వస్తే "ఇంకొంచెం చేస్తే పోతుంది" అనుకోకండి. ఆపేసి క్యాజువాలిటీకి రండి. వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి.

ఇంట్లో ఇరవై నిమిషాలు

ఈ ఇబ్బందులేవీ లేని మధ్యవయసు వారికి ఇది చాలు. భోజనం చేసి మూడు నాలుగు గంటలు గడిచాక చేయాలి. టైల్స్ మీద చాప జారుతుంది గనుక మందమైన జంపఖానా గానీ, మడత పెట్టిన దుప్పటి గానీ పరుచుకోండి. చీరకన్నా పంజాబీ డ్రెస్సు వీలుగా ఉంటుంది.

నిలబడి చేతులు పైకి చాచి తాడాసనం. గోడకు చేయి ఆనించి ఒంటికాలి మీద వృక్షాసనం, రెండు కాళ్లకూ. తరువాత చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి, వీపు పైకి కిందికి కదిపే మార్జాలాసనం. బోర్లా పడుకుని ఛాతీ కొంచెం ఎత్తే భుజంగాసనం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తే సేతుబంధాసనం. ఒక్కొక్కటి మూడు నాలుగు సార్లు. ఎక్కడా ఊపిరి బిగబట్టవద్దు. లాగినట్టు ఉండవచ్చు, నొప్పి పుట్టకూడదు. ఆఖరున కూర్చుని అయిదు నిమిషాలు పొట్ట కదిలేటట్టు నిదానంగా ఊపిరి తీసి, అంతకన్నా నిదానంగా వదలండి. చివరికి శవాసనం. పేరు విని భయపడకండి, కదలకుండా పడుకోవడమే. ఆ నిశ్శబ్దంలో మనవారు దేవుని స్తుతించుకోవచ్చు.

అమ్మకు అరగంట ఇవ్వండి

ఇదంతా విని మన అమ్మలు, అక్కలు అనే మాట ఒకటుంది. "పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంటిపనే, ఇంకా వ్యాయామం ఎందుకు సిస్టరమ్మా?" ఇంటిపని శ్రమే, కాదనను. కానీ ఊడ్చినా, అంట్లు తోమినా, బట్టలు ఉతికినా నడుము ముందుకే వంగుతుంది. వెనక్కి సాగే పని ఇంట్లో ఒక్కటీ లేదు. నిండుగా ఊపిరి పీల్చుకునే తీరికా లేదు. అందుకే నలభై దాటేసరికి నడుము పట్టుకుని వస్తున్నారు.

నిజానికి వారికి లేనిది ఇష్టం కాదు, సమయం. తలుపు వేసుకునే గది కూడా ఉండదు. మామగారి ఎదుట, ఎదిగిన కొడుకు ఎదుట నేల మీద పడుకుని కాళ్లు ఎత్తడానికి ఏ ఇల్లాలికైనా సిగ్గే. అందుచేత ఈ వ్యాసం ఇంట్లో మగవారు కూడా చదవాలని కోరుతున్నాను. రోజూ ఒక అరగంట ఆ గది ఆమెకు వదిలేయండి. ఆ అరగంట కాఫీ మీరు పెట్టుకోండి, పిల్లల బాక్సులు మీరు సర్దండి. సంఘములోని స్త్రీల సమాజం వారు కూడా వారానికి రెండు రోజులు కూడుకుని, తెలిసినవారిని పిలిపించుకుని కలిసి నేర్చుకోవచ్చు. మంచం పట్టిన తల్లికి సేవ చేయడం గొప్పదే. ఆమె మంచం పట్టకుండా చూసుకోవడం అంతకన్నా గొప్పదని ఇన్నేళ్లు వార్డులలో తిరిగిన నా అభిప్రాయం.

రోజూ కొంచెం చేయండి, నేర్చుకుని చేయండి, మాత్రలు వేసుకుంటూ చేయండి. దేవుడు మీకును మీ ఇంటివారికిని ఆరోగ్యము దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్