విడిపోయామనుకుంటే చాలదు, ప్రకటన వేయించండి

పత్తి సీజను దగ్గరపడితే ఆదోనిలో పొత్తులు కదులుతాయి. జిన్నింగు మిల్లులో వాటా ఉన్నవాళ్లు బయటికొస్తారు, మండీ నడిపేవాళ్లు కొత్త పార్టీని వెతుక్కుంటారు. మార్చుకోవడం తప్పేం కాదు. 2025 ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తిపై 11 శాతం సుంకం ఎత్తేసి డిసెంబరు నెలాఖరు దాకా అలాగే ఉంచింది. మిల్లులు దిగుమతి పత్తి వైపు మళ్లగలిగినప్పుడు ఒకే స్పిన్నింగు మిల్లును నమ్ముకుని బేళ్లు కట్టడం ఎంత ప్రమాదమో అప్పుడే తెలిసుండాలి. మా హెచ్చరికల్లా మార్చుకునే తీరు గురించే.

పెద్దమనుషుల ముందు లెక్క చూసుకుని, స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టి లేచొస్తే తెగిపోయిందనుకుంటున్నారు. తెగదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, మీరు తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన వెలువడేదాకా, మిమ్మల్ని భాగస్తులుగా ఎరిగి సరుకిచ్చినవాళ్లకు మీరూ జవాబుదారే. మీరు వెళ్లాక చేసిన అప్పైనా సరే. రేపు పాత భాగస్తుడు ఐపీ పెడితే వాళ్లొచ్చేది మీ ఇంటికే. ఫర్ము రిజిస్టరై ఉంటే రిజిస్ట్రారుకు నోటీసు, గెజిట్‌లో ప్రకటన, జిల్లాలో నడిచే తెలుగు పత్రికలో ప్రకటన, ఈ మూడూ కావాలి. మీరున్నప్పటి బాకీలు వీటితో పోవు, అప్పిచ్చినవాళ్లు కూడా ఒప్పుకోవాలి. బ్యాంకులో పెట్టిన పూచీ సంతకం సంగతి వేరే తేల్చుకోవాలి.

ఇక కొత్తవాళ్లు. ధర నాలుగు రూపాయలు ఎక్కువంటారు, డబ్బు మాత్రం నెల తర్వాతంటారు. మొదటి రెండు లోడ్లకు ఠంచనుగా ఇస్తారు. మూడోసారి పది లోడ్లు అరువడుగుతారు. అక్కడ ఆగండి. వాళ్ల జీఎస్టీ నంబరు కొడితే రిటర్నులు వేస్తున్నారో లేదో పోర్టల్‌లోనే కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. వాళ్లతో వాటా కలుపుతుంటే ఫర్ము రిజిస్టరైందా అనీ అడగండి. రిజిస్టరు కాని ఫర్ము తనకు రావాల్సిన బాకీ కోసం దావా వేయలేదు. చెక్కు తిరిగొస్తే, బ్యాంకు కబురందిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలి. మొహమాటపడి గడువు దాటిస్తే ఆ చెక్కు మీద కేసు చేజారొచ్చు.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు, షావుకారు నూలు మీద ఆధారపడ్డ మగ్గాలకు అదీ కొత్త పొత్తే. కాకపోతే సహకార సంఘానికి రిజిస్ట్రేషనూ ఆడిటూ తప్పవు. మన మండీల్లో నోటి మాట మీద నడిచే పొత్తుల్లో ఆ రెండూ ఉండవు.

ఇప్పటికే విడిపోయి ప్రకటన వేయించనివాళ్లు, కొత్త ఫర్ము పేరు మీద మొదటి లోడు ఎత్తకముందే వేయించుకోండి.