తాగుడులో స్వభావం పాలెంత?

1953లో 'దేవదాసు' తీసిన వేదాంతం రాఘవయ్యది కూచిపూడి. అందులో తాగుబోతుగా నటించిన అక్కినేనిదీ అదే కృష్ణా జిల్లా, గుడివాడ ప్రాంతం. తాగుబోతు అనగానే తెలుగువాళ్లకు కళ్లముందు కదిలే రూపాన్ని ఈ డెల్టావాళ్లే ఇచ్చారు. చూసినవాళ్లలో చాలామంది అనేది ఒకటే: మెతక మనిషి, తండ్రికి ఎదురుచెప్పలేనివాడు, తాగక ఏం చేస్తాడు? కానీ ఆ కథలోనే పట్నం ఉంది, భగవాన్ లాంటి స్నేహితుడున్నాడు, జమీందారీ డబ్బుంది. అవేవీ లేని మెతకమనిషి ఏమయ్యేవాడు?

తాగుబోతులందరికీ ఒకే స్వభావం ఉంటుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇప్పుడు అనడం లేదు. ముప్పు పెంచే గుణాలుగా ముఖ్యంగా నాలుగు చెబుతారు: ముందువెనకలు చూడని తొందరపాటు, కొత్త ఉత్సాహాల కోసం తహతహ, నిరాశ, ఒంట్లో కాస్త తేడా తోచినా గాభరాపడిపోవడం. తహతహ ఉన్నవాడు సరదాకి మొదలుపెడతాడు. నిరాశలో ఉన్నవాడు మరిచిపోవడానికి తాగుతాడు. కవలల మీద జరిగిన పరిశోధనలు తాగుడు వ్యసనంలో దాదాపు సగం పాలు వంశపారంపర్యానిదని చెబుతున్నాయి. ఒకే బెల్టు షాపు, ఒకే జట్టు. ఒకడు రెండు గుక్కలతో లేచి ఇంటికి పోతాడు, ఇంకొకడు పొలం అమ్ముకుంటాడు. ఈ తేడాను కొట్టిపారేయలేం.

అయితే హార్వర్డ్ వైద్యుడు జార్జ్ వాలియంట్ కొందరు మగవాళ్ల జీవితాలను పడుచుతనం నుంచి దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనాల ఆధారంగా 1983లో పుస్తకం రాశాడు. తాగుడుకి కారణాలనుకున్న చిరాకు, దిగులు చాలామందిలో తాగుడు ముదిరాక వచ్చినవేనని తేల్చాడు. భర్తను పాతికేళ్లుగా చూస్తున్న ఇల్లాలికి ఏది ముందో ఏది వెనకో ఎలా తెలుస్తుంది?

మన లెక్కలూ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవాళ్లు ఆంధ్రలో సుమారు 23 శాతం, తెలంగాణలో 43 శాతం. 2014 దాకా ఒకే రాష్ట్రం. ఇంత తేడా స్వభావంలో ఉండదు, అలవాటులో, ఆచారంలో ఉంటుంది. ఆంధ్రలో తాగే ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. తొందరపాటు మనుషులు, దిగులు మనుషులు ఆడవాళ్లలో లేరా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొగుళ్ల బుద్ధి మార్చమని అడగలేదు, సారా దుకాణం తీసెయ్యమన్నారు. మరుసటి ఏడాది సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం. 1997లో దాన్ని సడలించారు.

అందుకే నా తూకం దుకాణం వైపే మొగ్గుతుంది. స్వభావం మాట వైద్యంలో పనికొస్తుంది, తీర్పులో పనికిరాదు. "వాడి బుద్ధే అంత" అన్న ఇంట్లో ఆసుపత్రి మాట ఎవరూ ఎత్తరు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు. అది బుద్ధి పని కాదు, ఒంటి పని. అప్పుడు డాక్టరు దగ్గరుండాలి. ఒళ్లు కుదుటపడ్డాక అడగాల్సింది ఎలాంటివాడివని కాదు, ఎప్పుడు తాగాలనిపిస్తుందని. గాభరాతో తాగేవాడికి చేసే సాయం వేరు, జట్టు పిలిస్తే ఆగలేనివాడికి చేసేది వేరు.