టైలు కింది పనికి కూలి ఎవరిస్తారు?

ఇంటికైనా మందిరానికైనా టైల్స్ వేయించేటప్పుడు మనం అడిగే మొదటి ప్రశ్న: "చదరపు అడుగుకు ఎంత?" అన్యాయం ఈ ప్రశ్నలోనే ఉందని మేము అంటున్నాం. ఆ లెక్కలో కంటికి కనిపించే టైలుకే కూలి. దాని కింద నేలను సిద్ధం చేసే పనికి పద్దే లేదు.

ఆ పని చిన్నదా? పాత ఎర్ర గచ్చు నున్నగా ఉంటుంది, దాని మీద సిమెంటు పట్టదు. అందుకే గాట్లు పెట్టాలి. తడితే డొల్లగా మోగే చోటల్లా పగలగొట్టాలి. నూనె, సున్నం, దుమ్ము లేకుండా కడగాలి. పగుళ్లు పూడ్చి ట్యూబ్ లెవెల్‌తో మట్టం చూడాలి. 2 అడుగుల టైలును అడెసివ్‌తో అతికించాలంటే 10 అడుగుల పొడవులో 3 మిల్లీమీటర్లకు మించి ఎత్తుపల్లాలు ఉండకూడదు. స్నానాల గదిలో తూము వైపు మీటరుకు 1 సెంటీమీటరైనా వాటం ఇవ్వాలి. వాటర్‌ప్రూఫింగ్ పూత ఆరేదాకా ఆగాలి.

ఇదంతా రోజుల పని. చదరపు అడుగు రేటులో ఇమడదు. అందుకే మేస్త్రీ తొందరపడతాడు. టైలు కింద ఖాళీలు మిగులుతాయి, బరువు పడగానే అది పగులుతుంది. అప్పుడు "పని చేతగానివాడు" అని తిడతాం. రేటు కోసింది మనం, నింద అతనికి.

దుమ్ము సంగతి ఇంకా ఘోరం. గచ్చును, టైలును గ్రైండర్‌తో పొడిగా కోస్తే లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఏళ్ల తరబడి పీల్చినవారికి సిలికోసిస్ వస్తుంది. దాన్ని నయం చేసే మందు లేదు. ముఖానికి కట్టుకున్న తువ్వాలు ఆ ధూళిని ఆపలేదు. నీళ్లు పోస్తూ కోస్తే చాలావరకు అణుగుతుంది. కానీ దానికి సమయం కావాలి, మన లెక్కలో సమయానికి విలువ లేదు.

"ఒప్పుకునే కదా చేశాడు?" అంటారా? ఇంట్లో పొయ్యి వెలగనివాడి ఒప్పుకోలు మన న్యాయానికి సాక్ష్యం కాదు. పొరుగువానికి కూలి ఇవ్వకుండా విశాలమైన మేడ కట్టుకున్న రాజును యిర్మీయా ప్రవక్త నిలదీశాడు. ఆ రాజు కూడా తన బడ్జెట్ చూసుకునే ఉంటాడు!

తెలుగు నేల నుంచి వెళ్లిన కట్టుబడి కూలీల వల్లే ముంబైలో కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. పాలమూరు కూలీలు తట్ట మోయని మహానగరం అరుదు. వారి వారసులం నేడు బెంగళూరు, చెన్నై, పుణెల్లో ఇళ్లు కట్టించుకుంటున్నాం. బేరం దగ్గర మాత్రం నాటి యజమానుల మాటలే మాట్లాడుతున్నాం.

అందుకే మందిర కమిటీలను, గృహస్థులను అడుగుతున్నాం. టైలు ఎంచుకోకముందే రెండు పద్దులు రాయండి: టైలు వేసే పనికి ఒకటి, నేల సిద్ధం చేసే పనికి రోజుకూలి లెక్కన మరొకటి. మట్టి, పెళ్లలు మోసే ఆడకూలీల పేర్లు కూడా అందులో ఉండాలి. నీళ్లతో కోసే యంత్రం, సరైన మాస్కులు మన ఖర్చే. డబ్బు చాలకపోతే టైలు రకం ఒక మెట్టు తగ్గించండి, కూలి తగ్గించకండి.

యువజనులారా, 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సంక్షేమ బోర్డులో నమోదుకు అర్హులు. మీ మందిరంలో పని చేస్తున్నవారి దరఖాస్తులు ఈ వారమే నింపండి.