నొప్పుల వేళ ఏం జరుగుతుందో తెలిసేదెప్పుడు?

ఆస్పత్రి కాన్పులు పెరిగినా గర్భిణులకు అందని అవగాహన

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: పడమటి మండలాల పల్లెల్లో ఒకప్పుడు కాన్పు భారమంతా మంత్రసానిదే. నేడు ఇంటి వద్ద కాన్పులు దాదాపు కనుమరుగయ్యాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు 2018-20లో దేశవ్యాప్తంగా 97 కాగా, రాష్ట్రంలో 45గా నమోదయ్యాయి. ఇది మెచ్చదగిన ప్రగతే. అయితే అదే సర్వేలో సిజేరియన్లు 42.4 శాతంగా తేలాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇవి 26.6 శాతం ఉండగా, ప్రైవేటులో 63 శాతానికి చేరాయి. ఆస్పత్రికి చేరడమనే సమస్య చాలావరకు తీరింది. చేరిన తర్వాత ఏం జరుగుతుందో, వైద్యులను ఏం అడగాలో గర్భిణికి ముందుగా తెలియకపోవడమే మిగిలిన లోటు.

తొలి కాన్పుకు ఓపికే మందు

తొలిచూలు గర్భిణికి నొప్పులు మొదలైన వెంటనే కాన్పు కాదు. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే వరకు తొలి దశ మందకొడిగా సాగుతుంది. ఆ తర్వాత తొలి కాన్పులో 12 గంటల వరకు పట్టడం సహజమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు పేర్కొన్నాయి. గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్కను ఆధారం చేసుకుని తొందరపడరాదని కూడా అవి సూచించాయి. ఈ సంగతి తెలియని బంధువులు నొప్పులు చూడలేక ఆపరేషన్ చేయమని తామే కోరే సందర్భాలున్నాయి. బిడ్డ గుండె చప్పుడు తగ్గినా, అడ్డం తిరిగినా, మాయ అడ్డుపడినా సిజేరియన్ ప్రాణదాతే. కావలసింది కారణం అడిగి తెలుసుకోవడం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో నొప్పుల సమయంలో గర్భిణి వెంట ఒక మహిళ ఉండేందుకు కేంద్రం 2016లోనే అనుమతించింది. పక్కన తల్లో, అక్కో ఉంటే సగం భయం తీరుతుంది.

పుట్టింటి ప్రయాణంలో మరువరాని కార్డు

ఈ ప్రాంతానిది ప్రత్యేక పరిస్థితి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. కర్ణాటక, తమిళనాడు పల్లెలతో వియ్యాలు మామూలే. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. నెలనెలా పరీక్షలు ఒక చోట, కాన్పు మరోచోట కావడంతో మాతా శిశు సంరక్షణ కార్డు వెంట లేకపోతే రక్తపోటు, హిమోగ్లోబిన్, పాత సిజేరియన్ వివరాలు కొత్త వైద్యులకు తెలియవు. 2022 పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరగా పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. ఇరుగుపొరుగు పట్టణాల మధ్య కూడా అప్పట్లో జిల్లా హద్దు ఏర్పడటంతో కార్డు అవసరం మరింత పెరిగింది.

ఆలస్యం తగని లక్షణాలు

నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోయినా, రక్తస్రావమైనా, బిడ్డ కదలికలు తగ్గినా తక్షణం ఆస్పత్రికి చేరాలి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు గుర్రపువాతానికి ముందస్తు సంకేతాలు కావచ్చు. 2005 ఆగస్టు 15న రాష్ట్రంలో ప్రారంభమైన 108 సేవలు ఇటువంటి వేళ ఆదుకుంటాయి. కాన్పు అయిన తొలి 24 గంటలూ అంతే కీలకం. అధిక రక్తస్రావం ప్రాణాంతకం కాగలదు. కనుక బిడ్డ పుట్టిన సంబరంలో తల్లిని మరువరాదు. గంటలోపు ముర్రుపాలు పట్టించడం ఇద్దరికీ మేలు.

ఈ విషయాలన్నీ కాన్పు గదిలో చెప్పేవి కావు. నెలవారీ పరీక్షల నాడే ఆశా, ఏఎన్ఎంలు గర్భిణికి, ఆమె తల్లికి, అత్తకు కలిపి వివరించాలి. అప్పుడే భయం స్థానంలో అవగాహన, తొందర స్థానంలో ఓపిక చోటు చేసుకుంటాయి.