పది గంటల పని

దుకాణములలో, వాణిజ్య సంస్థలలో దినసరి పనివేళను 8 గంటలనుండి 10 గంటలకు పెంచుచు మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2025లో ఆమోదించిన సవరణ, వారమునకు 48 గంటల పరిమితిని యథాతథముగ నిలిపినదని పాలకులు చెప్పుచున్నారు. కాగితముపై ఆ మాటను మేమును కాదనము. కాని దినమునకు 10 గంటల వంతున ఆరు దినములు పనిచేసిన గుమాస్తాకు 60 గంటలగును, అధికమైన ఆ 12 గంటలకు రెట్టింపు వేతనమును లెక్కగట్టి యిప్పించువారెవరు? బళ్లారి దారిలోని విడపనకల్లువంటి ఊళ్లలో, తెల్లవాఱగనే తలుపుచెక్కలు దీసి, రాత్రి తక్కెడ ప్రక్కనే గోనెసంచిపై కునుకుతీయు కుఱ్ఱవానికి హాజరుపట్టీ యన్న మాటయే తెలియదు. వానలు తప్పి శనగయు మిరపయు చేతికి రాని యేట, ఉన్న కొలువు పోవునను భయమున వాడు నోరు మెదపడు. చీకటిపడి పొలమునుండి వచ్చి, ఆనాటి కూలితో నూనె, చింతపండు కొనుక్కొను ఆడకూలీ కొఱకు కొట్టు పొద్దుపోవువఱకు తెఱచియుండుట అవసరమే, దానిని మేము తప్పుపట్టము. అయినను కొట్టు తెఱచియుండు వేళ వేఱు, ఒక్క మనిషి అందు నిలిచియుండు వేళ వేఱు. ఈ భేదమును పాటింపవలసినది యజమాని, పాటింపజేయవలసినది ప్రభుత్వము. కావున కార్మికశాఖవారు మండలములందు క్రమముగ తనిఖీలు జరిపి, పనివేళల పట్టికను తెలుగున దుకాణము ముంగిట వ్రేలాడదీయించి, వారపు సెలవు నిజముగ దొరకునట్లు చూచి, ఫిర్యాదు చేసినవాని పేరు బయటపడని యేర్పాటు గావింపవలెను. అంతవఱకు ఈ 10 గంటల వెసులుబాటును గ్రామీణ దుకాణములకు వర్తింపజేయక నిలిపియుంచవలెనని మా విజ్ఞప్తి.