జబ్బుకెన్ని పేర్లో!

సెలవు చీటీ రాయడం నేర్చిన రోజు నుంచీ మనవాళ్ల నోటికి పట్టేసిన ఇంగ్లిషు వాక్యం ఒకటుంది: ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...’. వచ్చింది తలనొప్పయినా, కడుపునొప్పయినా, అమ్మమ్మగారి ఊళ్లో తిరునాళ్లయినా చీటీలో మాత్రం జ్వరమే. వాక్యంలో తప్పేమీ లేదు. కానీ చాలామంది ఇంగ్లిషు అక్కడే ఆగిపోతుంది. తెలుగులో అలా కాదు. ‘ఒంట్లో నలతగా ఉంది’ అన్నా, ‘సుస్తీ చేసింది’ అన్నా, ‘జబ్బు పడ్డాడు’ అన్నా, ‘వ్యాధి సోకింది’ అన్నా తేడా ఎవరూ విడమరిచి చెప్పకుండానే తెలుస్తుంది. నలతకి మిరియాల కషాయం చాలు, వ్యాధికి ఆస్పత్రి కావాలి. ఇంగ్లిషులోనూ ఇలాంటి మెట్లున్నాయి.

ముందుగా సిక్, ఇల్. అమెరికాలో ‘ఐ యామ్ సిక్’ అంటే ఒంట్లో బాగోలేదని. బ్రిటన్‌లో ‘ఐ ఫీల్ సిక్’ అంటే కడుపులో తిప్పుతోంది, వాంతి వచ్చేలా ఉందని. పిల్లల్ని చూడ్డానికి లండన్ వెళ్లిన పెద్దాయన ఒళ్లునొప్పులకి ఆ మాట వాడితే, డాక్టరు ముందు వాంతుల గురించే అడుగుతాడు. అక్కడ ‘అన్‌వెల్’ అనో, ‘ఇల్’ అనో అంటే సరిపోతుంది. అలాగని వాళ్లు సిక్‌ని వదిలేయలేదు. సిక్ లీవ్ అక్కడా సిక్ లీవే. ‘సిక్ చైల్డ్’ అంటారు, ‘ఇల్ చైల్డ్’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎందుకంటే ఇల్ అన్నది నామవాచకం ముందు చేరితే తరచూ ‘చెడు’ అనే అర్థమిస్తుంది: ఇల్ విల్, ఇల్ లక్, ఇల్ ఎఫెక్ట్స్. స్కాండినేవియా వైపు నుంచి ఇంగ్లిషులోకి వచ్చినప్పుడు ఆ మాటకున్న అర్థం చెడు అనే.

ఇక్కడే మరో ముచ్చట. ‘నాన్నకి సీరియస్‌గా ఉంది’ అని తెలుగులో అంటే వినేవాడి గుండె జారుతుంది. దాన్నే మక్కికి మక్కీగా ‘మై ఫాదర్ ఈజ్ సీరియస్’ అని విదేశంలోని పై అధికారికి రాస్తే, ఆయనకి అర్థమయ్యేది ‘మా నాన్న తమాషాకి అనడం లేదు’ అని. సెలవు కావాల్సినవాళ్లు ‘సీరియస్లీ ఇల్’ అని రాయాలి.

ఇక డిసీజ్, ఇల్‌నెస్. రెండూ ఒకటేగా అనిపిస్తాయి. కావు. డిసీజ్‌ని విడదీస్తే ‘డిస్’, ‘ఈజ్’. అంటే సుఖం లేకపోవడం. ఒకప్పుడు ఏ ఇబ్బందికైనా వాడిన మాట అది. ఇప్పుడు డాక్టరు పరీక్ష చేసి, పేరు పెట్టి చెప్పేది డిసీజ్. మనిషి అనుభవించేది ఇల్‌నెస్. అమెరికా మానసిక వైద్యుడు లియాన్ ఐసెన్‌బర్గ్ 1977లో రాసిన ఒక వ్యాసంలో ఈ తేడానే వివరించాడు. రోగి బాధపడేది ఇల్‌నెస్‌తో, వైద్యుడు చికిత్స చేసేది డిసీజ్‌కి అన్నది ఆయన మాటల సారాంశం. వరికి వచ్చే అగ్గితెగులుని ఇంగ్లిషులో బ్లాస్ట్ డిసీజ్ అంటారు. దాన్ని ఇల్‌నెస్ అని ఎవరూ అనరు. బాధ చెప్పుకోవడానికి వరికి నోరేదీ!

ఈ రెండూ ఎప్పుడూ జంటగానే రావాలని లేదు. రిపోర్టులన్నీ నార్మల్ అని డాక్టరు చెప్పగానే ‘ఏమీ లేదట, ఊరికే అంటోంది’ అని ఇంటావిడ నొప్పుల్ని తీసిపారేసే ఇళ్లు బోలెడు. పరీక్షల్లో డిసీజ్ దొరకనంత మాత్రాన ఇల్‌నెస్ లేనట్టు కాదు, ఆవిడ నొప్పి నిజమే. దీనికి తలకిందులుగా ఉండేది రక్తపోటు. ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా లోపల తన పని తాను చేసుకుపోతుంది. అంటే డిసీజ్ ఉంది, ఇల్‌నెస్ లేదు. ఈ రెండోదే ఆరోగ్య బీమా దరఖాస్తు దగ్గర కొంప ముంచేది.

అల్లుడు ఫారం నింపుతుంటాడు. ‘మావయ్యగారూ, మీకు జబ్బులేమైనా ఉన్నాయా?’

‘నాకేం జబ్బు బాబూ, గుండ్రాయిలా ఉంటేనూ!’

‘మరి పొద్దున్నే వేసుకునే మాత్రలు?’

‘అవా... బీపీకొకటి, షుగరుకొకటి. పదేళ్ల నుంచీ వేసుకుంటున్నవేగా. అదీ ఒక జబ్బేనా?’

జబ్బే. మన లెక్కలో జబ్బంటే మంచాన పడేసేది. బీమావాళ్ల లెక్క వేరు. ‘ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్’ అనే మాటని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్వచించిన తీరు చూడండి: కండిషన్, ఎయిల్‌మెంట్, ఇంజురీ, డిసీజ్... నాలుగు మాటలూ వరసగా పేర్చింది. కండిషన్ అంటే ఒంటి స్థితి, చిన్నాపెద్దా అన్నీ వస్తాయి. ఎయిల్‌మెంట్ అంటే ప్రాణం తీయదు గానీ పట్టుకు పీడించే చిన్న జబ్బు, మోకాళ్ల నొప్పులు, గ్యాసు లాంటిది. ఇంజురీ దెబ్బ. ఈ నాలుగింటిలో ఏదో ఒక గడిలో బీపీ మాత్ర పడి తీరుతుంది. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం ముందే చెప్పిన జబ్బులకి పెట్టే నిరీక్షణ గడువు 36 నెలలకి మించకూడదు. చెప్పకుండా దాచినట్టు తేలితే మాత్రం ఆస్పత్రి బిల్లు చేతికొచ్చాక క్లెయిము తిరగ్గొట్టే ప్రమాదముంది. ‘నో’ అని టిక్కు పెట్టే ముందు మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడటం మేలు.

డిజార్డర్ అంటే ఒంట్లోనో, మనసులోనో నడవాల్సిన పని క్రమం తప్పడం. థైరాయిడ్ డిజార్డర్, స్లీప్ డిజార్డర్. తెలుగు పత్రికల్లో దీనికి ‘రుగ్మత’ స్థిరపడింది. సిండ్రోమ్ గ్రీకు మాట, కలిసి పరుగెత్తడం అని అర్థం. కొన్ని లక్షణాలు గుంపుగా వస్తే ఆ గుంపుకి పెట్టే పేరది. ఎయిడ్స్‌లో చివరి ‘ఎస్’, 2003లో హడలెత్తించిన సార్స్‌లో చివరి ‘ఎస్’ సిండ్రోమే. 2020 ఫిబ్రవరి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు పెట్టిన కోవిడ్‌లో ‘డి’ డిసీజ్. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్ని ‘సఫరింగ్ ఫ్రమ్’ అనకపోవడమే మర్యాద. అది వాళ్లకి సోకిన రోగం కాదు, 21వ క్రోమోజోమ్ అదనంగా ఉండటంవల్ల పుట్టుకతో వచ్చిన స్థితి.

మాట మారితే మర్యాద ఎలా మారుతుందో మన చట్టాలే చెబుతాయి. 1912 నాటి చట్టం మతి స్థిమితం లేనివాళ్లని ‘లూనటిక్’ అంది. చంద్రుడి ప్రభావంతో పిచ్చెక్కుతుందన్న పాత నమ్మకం నుంచి పుట్టిన మాట అది. 1987 చట్టం ‘మెంటల్లీ ఇల్ పర్సన్’ అని సరిదిద్దింది. 2017 చట్టం ‘పర్సన్ విత్ మెంటల్ ఇల్‌నెస్’ అంది. ముందు మనిషి, తర్వాతే జబ్బు. ‘పిచ్చోడు’ అని నోరు జారే మనం మాత్రం ఇంకా 1912లోనే ఉన్నాం.

సిక్ ఒంటిని దాటి కూడా పోయింది. మూతపడే దశకొచ్చిన ఫ్యాక్టరీ ‘సిక్ ఇండస్ట్రీ’. దాన్ని తెలుగు పత్రికలు ‘ఖాయిలా పరిశ్రమ’ చేశాయి. ఆ పరిశ్రమల కోసం 1985లో వచ్చిన చట్టం 2016 డిసెంబరు 1తో రద్దయినా, మాట మిగిలింది. ‘సిక్ ఆఫ్’ అంటే విసుగెత్తిపోవడం. ఇక ఈ కాలం కుర్రకారు భాషలో సిక్ అంటే ఏకంగా ‘అదిరింది’ అని! అమెరికా నుంచి సెలవులకొచ్చిన మనవడు పులిహోర నోట్లో పెట్టుకుని ‘సిక్’ అంటే అమ్మమ్మ కంగారుపడి వాముపొడి వెతకనక్కర్లేదు. ఇంకో రెండు గరిటెలు వడ్డించొచ్చు.