యుద్ధం చూసిన శాంతివాది

అడ్మిరల్ లక్ష్మీనారాయణ్ రాందాస్ 1933లో బొంబాయిలో పుట్టారు. 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ బియాస్ నౌకను నడిపి, తూర్పు పాకిస్తాన్ తీర దిగ్బంధంలో చూపిన తెగువకు వీరచక్ర అందుకున్నారు. 1990 నుంచి 1993 వరకు నౌకాదళాధిపతి. వైద్యేతర శాఖల్లో మహిళా అధికారులు అడుగుపెట్టింది ఆయన హయాంలోనే, 1992లో. ఇంట్లోనూ ముగ్గురూ ఆడపిల్లలే! భార్య లలిత, నౌకాదళాధిపతి పదవి చేపట్టిన తొలి భారతీయుడు అడ్మిరల్ కటారి కుమార్తె. మామా అల్లుళ్లిద్దరూ దళాధిపతులు కావడం అరుదు. విరమణ తర్వాత దంపతులు అలీబాగ్ దగ్గరి పల్లెలో సేద్యానికి దిగారు. అయితే, అణ్వాయుధాలు వద్దంటూ, భారత్-పాక్ సఖ్యత కోసం ఆయన పడిన పాటే అన్నిటికన్నా పెద్దది. అందుకే 2004లో పాకిస్తాన్‌కు చెందిన ఇబ్న్ అబ్దుర్ రెహ్మాన్‌తో కలిపి మెగసెసే అవార్డు ఇచ్చారు. 2024 మార్చి 15న, తొంభై ఏళ్ల వయసులో, హైదరాబాదులో కన్నుమూశారు.